గమన నియమాలు అప్పజెప్పించడం ఆపండి, మంత్రి గారూ

పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖపట్నంలో హైస్కూలు పిల్లలకు చాలా ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారిని. తొమ్మిదో తరగతి గమన నియమాల పాఠం గురించి ఒక విన్నపం.

న్యూటన్ మూడు నియమాలనూ మన పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. వాళ్లనే ఇలా అడిగించి చూడండి: గాజువాక దగ్గర స్టీలు లోడు లారీ, ఆటో ఎదురెదురుగా గుద్దుకున్నాయి. దేని మీద ఎక్కువ బలం పడింది? దాదాపు క్లాసంతా ‘ఆటో మీదే’ అంటుంది. రెండింటి మీదా పడింది ఒకే బలమనీ, ద్రవ్యరాశి తక్కువ కాబట్టి ఆటో వేగమే ఎక్కువ మారిందనీ చెప్పేవాళ్లు అరుదు. చర్యకు ప్రతిచర్య సమానమని రాసి ఫుల్ మార్కులు తెచ్చుకున్నదీ ఈ పిల్లలే!

పైకి ఎగరేసిన రూపాయి బిళ్ల సంగతీ అంతే. చెయ్యి వదిలాక, గాలిని పక్కన పెడితే, దాని మీద పనిచేసేది భూమి ఆకర్షణ ఒక్కటే. పిల్లలు మాత్రం చేతి బలం ఇంకా అందులో ఉందంటారు. వాళ్ల తప్పేం లేదు. తోపుడుబండిని తోయడం మానేస్తే ఆగిపోతుంది. ఆపిన ఘర్షణ కంటికి కనబడదు. కదలాలంటే బలం ఉండాల్సిందేనని అరిస్టాటిలంతటివాడే అనుకున్నాడు. ఆ నమ్మకాన్ని పిల్లల నోట ముందు బయటికి రప్పించకుండా సూత్రం చెప్పడమంటే, పాత సున్నం గీకకుండా రంగు వేయడమే.

ఇది మన ఊరి జబ్బే కాదు. 1992లో అమెరికాలో హెస్టెనెస్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ బృందం లెక్కలేమీ అక్కర్లేని ప్రశ్నలతో ఇలాంటి పరీక్షే తయారుచేసింది. లెక్కలు బాగా చేసే కాలేజీ విద్యార్థులు కూడా అందులో తడబడ్డారు.

బడుల్లోకి ట్యాబులు, డిజిటల్ బోర్డుల్లాంటి ప్యానెళ్లు వచ్చాయి, సంతోషం. ఈ పాఠానికి మాత్రం రూపాయి బిళ్ల చాలు. మారాల్సింది ప్రశ్నపత్రం. ‘నియమాన్ని నిర్వచించుము’ తగ్గించి, ‘ఏం జరుగుతుంది, ఎందుకు’ అని అడిగించండి. పోర్టులోకి వచ్చే ఓడ ఇంజను ఆపినా వెంటనే ఎందుకు ఆగదో రాయమనండి. పేపరు మారనంతకాలం సిలబస్ టెన్షన్‌లో ఉన్న టీచరు నిర్వచనాలే బట్టీ పట్టిస్తాడు.

మొదటి ఏడాది మార్కులు పడిపోతాయి. అప్పుడు హెడ్మాస్టర్లకు సంజాయిషీ నోటీసులు వెళ్లకుండా మీరే చూడాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం