అటక మీది బుల్‌బుల్‌ని దించండి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే మన ఊళ్లలో సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్ మొదలవుతాయి. పాట వెనక వినిపించేది మాత్రం ఇప్పుడు దాదాపు ఎక్కడ చూసినా కీబోర్డే. కీబోర్డు వద్దని మేం అనం. కానీ ఎన్నో ఇళ్లలో, కొన్ని పాత చర్చిల్లో బుల్‌బుల్ తరంగ్‌లు (మీటలు నొక్కుతూ మోగించే తీగ వాద్యాలు), స్వరమండల్‌లు (వేళ్లతో దువ్వి మోగించే తీగల పెట్టెలు) దుమ్ముకొట్టుకుపోయి పడున్నాయి. వాటిని ఈ పండక్కి బయటికి తీయమని అడగడానికి, తీశాక ఏం చేయాలో చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాం.

తీగ వాద్యానికి క్రిస్మస్ పాట కొత్తదేం కాదు. ప్రపంచమంతా పాడుకునే ‘సైలెంట్ నైట్’ను 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డోర్ఫ్ చర్చిలో మొదటిసారి పాడినప్పుడు తోడుగా మోగింది గిటారే. మాటలు యోసెఫ్ మోర్‌వి, బాణీ ఫ్రాంజ్ క్సావర్ గ్రూబర్‌ది. ఆల్ప్స్ కొండల్లో ఈనాటికీ క్రిస్మస్ ముందు రోజుల్లో జితర్ అనే తీగల పెట్టె మీద ఈ పాట వాయిస్తారు. మన బుల్‌బుల్ కూడా ఆ కుటుంబంలోదే. జపాన్‌లోని నగోయాలో 1912లో పుట్టిన తైషోగోటో అనే మీటల వాద్యం మన దేశానికి వచ్చి బుల్‌బుల్ తరంగ్ అయింది.

దించిన వెంటనే తీగలు బిగించకండి. ఏళ్ల తరబడి వదులుగా ఉన్న తుప్పు తీగ ఒక్కసారి లాగితే తెగి మొహం మీదికి లేస్తుంది. పాత తీగలన్నీ తీసేయండి, ఒక్కోదాని ముక్క మాత్రం దాచుకోండి. కొట్టుకు ఆ ముక్క పట్టుకెళ్లి అదే మందం తీగ అడగండి. గిటార్ తీగ దొరికితే దాని చివర ఉండే పూసను కటింగ్ ప్లయర్‌తో నలిపి తీసేస్తే, మిగిలిన ఉచ్చు మన కొక్కేనికి సరిపోతుంది. మీటలు ఇరుక్కుంటున్నాయని చాలామంది నూనె పోస్తారు. అది వారం రోజులే పనిచేస్తుంది, తర్వాత దుమ్మును పట్టుకుని జిగురులా తయారవుతుంది. పొడి బ్రష్‌తో దులిపి, పెన్సిల్ ముల్లు గీకిన పొడి మీట పక్కల చల్లండి, చాలు. నొక్కినా పైకి లేవని మీట కింద స్ప్రింగు పోయుంటుంది, అది మార్చాల్సిందే. ఒక్క మీట దగ్గరే తీగ జిర్రుమంటుంటే దాని కింది మెట్టు (తీగ ఆనే అడ్డ పట్టీ) మీద తీగ కోసిన గాడి ఉందేమో చూడండి. సన్నటి ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దితే పోతుంది. గాడి లోతుగా ఉంటే మాత్రం చేయి తిరిగినవాళ్లకే ఇవ్వండి.

శ్రుతి విషయానికొద్దాం. మీటల కింద పరుగెత్తే రెండు తీగలూ ఒకే స్వరంలో ఉండాలి. రెండూ కలిపి మోగిస్తూ సరిచేస్తే చెవి మోసపోతుంది. ఒకదాని కింద మడిచిన కాగితం పెట్టి మూయండి, రెండోదాన్ని ఫోన్‌లోని ట్యూనర్‌తో సరిచేయండి. తర్వాత కాగితం తీసి మొదటిదాన్ని దానికి కలపండి. రెండూ కలిసి అలలు అలలుగా ఊగుతున్నాయంటే ఇంకా తేడా ఉన్నట్టే. సి శ్రుతి అందరికీ అనుకూలం. ‘సైలెంట్ నైట్’ కింది షడ్జమం నుంచి పైస్థాయి మధ్యమం దాకా వెళుతుంది. గ్రూబర్ రాసిన డి శ్రుతిలోనే పెడితే సంఘం, అంటే చర్చిలో కలిసి పాడేవాళ్లు, పైన అందుకోలేరు. సంఘం కోసం శ్రుతి తగ్గించాలనుకుంటే స్వరాల లెక్కలో అర మెట్టు, మహా అయితే ఒక మెట్టు తగ్గించండి. అంతకంటే దించితే తీగ వదులై కింది మెట్ల పట్టీలకు కొట్టుకుంటుంది.

ఏ మీటా నొక్కని విడి తీగ షడ్జమం అనుకుంటే పైస్థాయి మధ్యమం 17వ మీట మీద వస్తుంది. మీ వాద్యానికి అన్ని మీటలున్నాయో లేదో ముందే లెక్కపెట్టుకోండి. స్వరాలన్నీ శంకరాభరణ రాగానివే. మొదటి ఆవృత్తం (తాళంలో ఒక చుట్టు) ప-ద-ప-గ. ఆరు మాత్రల్లో మొదటి పంచమానికి ఒకటిన్నర, ధైవతానికి అర, మళ్లీ పంచమానికి ఒకటి, గాంధారానికి మూడు. దీన్ని సమానంగా ప, ద, ప అని కొట్టేస్తే ఉయ్యాల ఊపు పోయి కవాతులా మోగుతుంది. మూడు మాత్రల గాంధారం మీద పిక్‌ని (తీగ మీటే బిళ్లని) కిందికీ పైకీ వేగంగా ఆడించాలి, లేకపోతే స్వరం సగంలోనే చచ్చిపోతుంది. మీటను మాత్రం గట్టిగా అదమకండి. తీగ సాగి స్వరం పైకి పోతుంది, తప్పు శ్రుతిలో ఉందని మనం అనుకుంటాం.

అసలు చిక్కంతా పక్కన మోగే శ్రుతి తీగలతోనే. మన పాటకు స-ప నిరంతరం మోగితే అందం. పాశ్చాత్య బాణీలో కింద హార్మొనీ, అంటే పాటతో కలిసి మోగే స్వరాల గుంపు, మారుతూ ఉంటుంది. పన్నెండు ఆవృత్తాల్లో మూడోది, తొమ్మిదోది, పదకొండో దానిలో రెండో సగం ప-ని-రి మీద నడుస్తాయి. అక్కడ శ్రుతి తీగలోని షడ్జమం నిషాదానికి అర మెట్టు దూరంలో నిలబడి పంటి కింద రాయిలా తగులుతుంది. అయిదు, ఏడు ఆవృత్తాలు మ-ద-స. అక్కడ పంచమం మోగినా పెద్దగా బాధ ఉండదు, ఎందుకంటే ఇటు మధ్యమానికీ అటు ధైవతానికీ దాని దూరం పూర్తి మెట్టు. కాబట్టి మా సలహా ఒకటే: షడ్జమం శ్రుతి తీగ కింద, బ్రిడ్జి (తీగలు ఆనే దిమ్మె) దగ్గర, చిన్న ఉన్నిగుడ్డ ముక్క దోపి మూసేయండి, పంచమాన్ని మాత్రం మోగనివ్వండి.

పక్కన స్వరమండల్ ఉంటే దాన్ని మధ్యమం, నిషాదం వదిలేసి మోహన రాగ స్వరాల్లో కలపండి. అర మెట్టు ఎక్కడా లేదు కాబట్టి ఒక్క చేత్తో దువ్వినా కటువుగా వినిపించదు. నాలుగు, ఎనిమిది, పన్నెండు ఆవృత్తాల చివర మాత్రమే దువ్వండి. పాట పొడవునా దువ్వితే ఏదీ వినబడదు. బిరడ తిప్పేముందు ఆ తీగను మీటి, మోగింది అదేనని తేల్చుకోండి. పక్క బిరడ తిప్పడం వల్లే స్వరమండల్ తీగలు ఎక్కువగా తెగుతాయి.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ‘జాయ్ టు ద వరల్డ్’తో మొదలుపెట్టడం మంచిది. దాని తొలి పంక్తి పైషడ్జమం నుంచి కిందికి స-ని-ద-ప-మ-గ-రి-స, అచ్చంగా శంకరాభరణం అవరోహణ. పాటంతా ఒక్క స్థాయిలోనే తిరుగుతుంది. ఇక ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’లో రాగం, తాళం పైనే వేసిన కీర్తనలకైతే శ్రుతి తీగలు రెండూ తెరిచి ఉంచండి. అక్కడ హార్మొనీ మారదు, బుల్‌బుల్ తన సొంత ఊళ్లో ఉన్నట్టే.

గోటువాద్యం వాయించేవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ. 21 తీగలు, మెట్లు లేవు, కొయ్య కడ్డీ జారిస్తే స్వరం గొంతులా సాగుతుంది. ఈ పాటలకు అంతకంటే సరైన వాద్యం మాకు తెలియదు. ఒక్క జాగ్రత్త చాలు: శంకరాభరణం అనగానే చేయి అలవాటుగా నిషాదాన్ని ఊపి షడ్జమం అంటిస్తుంది. ఇక్కడ స్వరం నిటారుగా నిలవాలి, జారు ఎక్కడో ఒకచోట చాలు.

హాల్లో చేసే తప్పులే ఎక్కువ. చలిలో ఉక్కు తీగ కుంచించుకుని శ్రుతి పైకి పోతుంది, జనం నిండి వేడెక్కాక కిందికి దిగుతుంది. కాబట్టి అరగంట ముందు ఒకసారి, జనం కూర్చున్నాక మరోసారి కలపాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వాయించిన ప్రతిసారీ తీగలను పొడి గుడ్డతో తుడవకపోతే మళ్లీ పండగ దాకా మిగలవు. మైకుకి బదులు పియెజో బిళ్ల (వాద్యం అదురును శబ్దంగా పట్టే బిళ్ల) అంటిస్తే బ్రిడ్జి పక్కన పెట్టండి. మీటల దగ్గర పెడితే పాట కంటే టకటకలే ఎక్కువ వినిపిస్తాయి. స్పీకరు వాద్యానికి ఎదురుగా ఉంటే కూత పెడుతుంది, పక్కకు తిప్పి బేస్ తగ్గించండి.

మీ పత్రిక డిసెంబరు అనుబంధంలో కేకుల తయారీకి పేజీ ఇస్తారు. అందులో ఒక మూల, నాలుగు క్రిస్మస్ పాటలకు తెలుగు స్వరలిపి మాత్రలతో సహా అచ్చువేయమని కోరుతున్నాం. డిసెంబరు మొదటి ఆదివారానికల్లా వేస్తే సాధనకు మూడు వారాలు మిగులుతాయి.

ఇట్లు,
తీగ వాద్యాలు వాయించే, బాగుచేసే కొందరు,
గుంటూరు