బ్యాకప్ కాకుండానే ‘విజయవంతం’ అని చూపుతున్న మీ సాఫ్ట్‌వేర్‌పై ఫిర్యాదు

మిర్యాలగూడ,
నల్లగొండ జిల్లా.

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీరు అమర్చిన నెట్‌వర్క్ స్టోరేజ్ బాక్సు (ఆఫీసు కంప్యూటర్లన్నీ ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె), దాని బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లోపాలు.

అయ్యా,

మా రైస్ మిల్లు ఆఫీసులో ఐదు డెస్క్‌టాప్‌లున్నాయి, అన్నీ విండోస్ 11 ప్రో. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ డేటా అకౌంట్స్ కంప్యూటర్ డీ డ్రైవ్‌లో ఉంటుంది, మిగతా నాలుగింటిలో షేరింగ్ మీద వాడతారు. రోజూ రాత్రి 11 గంటలకు ఆ ఫోల్డర్ మీ బాక్సులోకి కాపీ కావాలి. తెల్లారి చూస్తే పచ్చ టిక్కు ఉంటుంది, కొత్త ఫైలు ఒక్కటీ ఉండదు. బ్యాకప్ ఎలా నడిచిందో రాసుకునే లాగ్‌లో ‘జెడ్ డ్రైవ్ దొరకలేదు, కాపీ అయిన ఫైళ్లు 0’ అని ఉంటుంది. దాని కిందే ‘విజయవంతం’!

మీ టెక్నీషియన్ బాక్సును జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేశారు, అంటే దానికి జెడ్ అనే డ్రైవ్ అక్షరం ఇచ్చారు. అలా మ్యాప్ చేసింది లాగిన్ అయిన యూజర్‌కే కనిపిస్తుంది. రాత్రి షెడ్యూల్ నడిచేది విండోస్ సొంత సిస్టమ్ ఖాతా మీద, దానికి జెడ్ అనేదే లేదు. పగలు బటన్ నొక్కితే కాపీ అవుతున్నది, రాత్రి కానిది అందుకే. డ్రైవ్ అక్షరం బదులు బాక్సు పూర్తి నెట్‌వర్క్ పాత్ ఇవ్వాలి, షెడ్యూల్‌కు బాక్సులోని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ విడిగా ఇవ్వాలి. వాటిని నింపే చోటే మీ సాఫ్ట్‌వేర్‌లో లేదు.

పగటి కాపీ కూడా నమ్మేటట్టు లేదు. ఎక్కడైనా టాలీ తెరిచి ఉంటే ఆ ఫైళ్లను వదిలేసి మళ్లీ పచ్చ టిక్కే చూపుతుంది. తెరిచి ఉన్న ఫైళ్లను కాపీ చేయడానికి విండోస్‌లో వాల్యూమ్ షాడో కాపీ అనే సౌకర్యం ఎప్పటినుంచో ఉంది, మీరు దాన్ని వాడలేదు. సగం కొత్తవి, సగం పాతవి కలిసిన ఫోల్డర్‌ను రీస్టోర్ చేసి ఏం లాభం?

‘రెండు డిస్కులు మిర్రర్‌లో ఉన్నాయి కదా’ అని మీ హెల్ప్‌లైన్ జవాబు. మిర్రర్ అంటే ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ రాయడం, ఒక డిస్కు పోతే అది ఆదుకుంటుంది. ఫైలు చెరిగితే మాత్రం రెండింట్లోనూ ఒకేసారి చెరుగుతుంది.

ఇక షేరింగ్. విండోస్ 24హెచ్2 అప్‌డేట్ అయిన కంప్యూటర్లు బాక్సును తెరవడం లేదు. ఆ వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్‌లో ఎస్ఎంబీ (విండోస్ నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) సైనింగ్, అంటే ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం, డిఫాల్ట్‌గా తప్పనిసరి. మీ బాక్సు డిఫాల్ట్‌గా ఇచ్చేది ఎవరైనా రాగలిగే గెస్ట్ ప్రవేశం, పాస్‌వర్డ్ లేని గెస్ట్‌కు సైనింగ్ కుదరదు. దీనికి మీవాళ్లు చెప్పిన మందు సైనింగ్ ఆపేసి పాత వెర్షన్ ఎస్ఎంబీ1 ఆన్ చేయమని! 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వన్నాక్రై వైరస్ పాకింది ఆ ఎస్ఎంబీ1 లోపం గుండానే. ఆ పని చేయం.

బాక్సు నెట్‌వర్క్ చిరునామా మారకుండా రౌటర్‌లో ఐపీ రిజర్వ్ చేశాం, యూపీఎస్ కూడా ఉంది. కాబట్టి నెట్‌వర్క్ మీద, కరెంటు మీద నెట్టేయకండి.

ఒక్క ఫైలు వదిలేసినా ‘విఫలం’ అని చూపి మెయిల్ పంపేలా, షెడ్యూల్‌కు లాగిన్ వివరాలు ఇచ్చేలా, తెరిచి ఉన్న ఫైళ్లు కూడా కాపీ అయ్యేలా సాఫ్ట్‌వేర్ మార్చాలి. బాక్సులో గెస్ట్ తీసేసి, బ్యాకప్ ఫోల్డర్‌లో రాసే అనుమతి బ్యాకప్ యూజర్‌కు మాత్రమే ఉంచాలి. ఆ తర్వాత మీ మనిషి వచ్చి, ముందు రాత్రి బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లోకి రీస్టోర్ చేసి టాలీలో తెరిచి చూపాలి. యాసంగి ధాన్యం కాటాలు మొదలయ్యేలోపు, అంటే 15 రోజుల్లో, ఇదంతా జరగకపోతే బాక్సు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వండి. లాగ్ ఫైళ్లు, బిల్లు నకలు జత చేశాం.

ఇట్లు,
అకౌంట్స్, కంప్యూటర్ విభాగం