బొటనవేలు సరే, భుజాల మాటేంటి?

ఏరా మామా,

"అంత లావుపాటి లైన్‌మన్ గోల్స్ కూడా కొట్టేవాడా?" అని నవ్వావు కదా. కొట్టడమేంటిరా, అమెరికన్ ఫుట్‌బాల్‌లో ముందు వరసలో నిలబడి అవతలివాళ్లని ఆపే ఆ లైన్‌మన్, లూ గ్రోజాకి, బంతి తన్నీ తన్నీ "ది టో" అనే పేరే స్థిరపడిపోయింది. బొటనవేలన్నమాట. నా గోలల్లా ఒక్కటే, ఆ వేలు చాటున మనిషి చేసిన అసలు పని కనబడకుండా పోయింది.

1924లో ఒహాయోలోని మార్టిన్స్ ఫెర్రీలో పుట్టాడు. ఒహాయో స్టేట్ కాలేజీలో మొదటి ఏడాది జట్టుకి ఆడుతుండగానే యుద్ధం పిలిచింది. ఫిలిప్పీన్స్‌లోని లేటేలో, జపాన్‌లోని ఒకినావాలో సైన్యం తరఫున సర్జికల్ టెక్నీషియన్‌గా పనిచేశాడు. కోచ్ పాల్ బ్రౌన్ కాంట్రాక్టు కాయితం అక్కడికే పంపించాడు. 1946లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ మొదటి సీజన్ నుంచే జట్టులో ఉన్నాడు.

పని లెఫ్ట్ టాకిల్, అంటే ముందు వరసలో ఎడమ పక్క అడ్డు నిలిచేవాడు. బంతి విసిరే ఆటగాడు, క్వార్టర్‌బాక్ ఆటో గ్రాహం కుడిచేతి వాటం. బంతి విసరడానికి తిరిగితే ఎడమ పక్క వీపు వైపు పడుతుంది, అటునుంచి వచ్చేవాణ్ణి చూడలేడు. ఆ వైపు కాపలా గ్రోజాది. ఆరడుగుల మూడంగుళాలు, 240 పౌండ్లు. ఇప్పటి టాకిల్స్ పక్కన నిలబెడితే చిన్నోడే. కానీ అప్పటి రూల్ చూడు: చేతులు చాచి అరచేతులతో నెట్టకూడదు. పిడికిళ్లు ఛాతీకి ఆనించుకుని భుజంతో, మోచేతితో ఆపాలి. చేతులు చాచే వీలు 1978లో గానీ రాలేదు. అవతలివాడు మాత్రం హెల్మెట్ మీద ఫెడీల్మని కొట్టొచ్చు, 1977 దాకా అది తప్పు కాదు! అందుకని మోకాళ్లు వంచి, నడుం దించి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి జరగాలి. ఆత్రపడి ముందుకి వాలాడో, అవతలివాడు పక్కకి తప్పుకుంటాడు, మనోడు బోర్లా పడతాడు, గ్రాహం నడుం విరుగుతుంది.

ఇంత కుస్తీ పట్టాక, అదే ఒళ్లుతో వెళ్లి తన్నాలి. అప్పట్లో జట్టుకి ముప్పై చిల్లర మందే. తన్నడానికే ఒకణ్ణి పెట్టుకునే భోగం ఎక్కడిది?

తన్నడం కూడా ఇప్పట్లా పక్కనుంచి పాదం పైభాగంతో కాదు. ఎదురుగా వచ్చి, ముందు భాగం చదరంగా ఉన్న బూటుతో సూటిగా పొడవడమే. చీలమండ కదలకుండా బిగించాలి, తల దించే ఉంచాలి. బూటు ముందు భాగం బంతిని తాకే చోటు చిన్నది. నడిమధ్యన తగిలితే నిటారుగా లేస్తుంది, ఓ అంగుళం తేడా వస్తే బంతి గిర్రున తిరుగుతూ పక్కకి పోతుంది. గురి కుదరడానికి గ్రోజా కొన్నాళ్లు దాదాపు ఆరడుగుల టేపు నేలమీద పరిచి, దాని వెంట అడుగులేసేవాడు. 1956లో లీగ్ అలాంటి సాయాలన్నీ నిషేధించింది. టేపు పోయినా గురి పోలేదనుకో.

1950 డిసెంబర్ 24, క్లీవ్‌లాండ్‌లో ఫైనల్, ఎదుట లాస్ ఏంజెలస్ రామ్స్. బ్రౌన్స్ రెండో టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటించడం, ఆరు పాయింట్లు) తర్వాత, తన్ని తెచ్చుకునే ఎక్స్‌ట్రా పాయింట్‌కి స్నాప్ చెడింది, అంటే బంతిని వెనక్కి అందించడం కుదరలేదు. తన్నడానికి బంతిని నేలమీద పట్టుకునే హోల్డర్ టామీ జేమ్స్ దాన్ని నిలబెట్టలేక పాస్ విసిరాడు, అదీ పోయింది. ఆ ఒక్క పాయింటే చివర్లో మెడకి చుట్టుకుంది: 28-27తో వెనక. గ్రాహం రెండు నిమిషాల్లోపే జట్టుని మైదానం పొడవునా లాక్కొచ్చాడు. అర నిమిషం కూడా మిగల్లేదు. ఇక మిగిలింది 16 గజాల ఫీల్డ్ గోల్, గోల్ స్తంభాల మధ్యనుంచి తన్నితే మూడు పాయింట్లు. దగ్గరేగా అనకు, ఎముకలు కొరికే చలి, గాలి. పైగా ఆ చెడిన స్నాప్ అందరి కళ్లముందే ఉంది. ఈసారి బంతి సరిగ్గా నిలబడింది, గ్రోజా కొట్టాడు, 30-28.

1953లో 26 ఫీల్డ్ గోల్స్‌కి ప్రయత్నించి 23 కొట్టాడు. వెన్నునొప్పితో 1960 అంతా ఇంట్లో కూర్చున్నాడు. మరుసటేడు వచ్చాడు గానీ ఇక తన్నడానికే. 1964 ఫైనల్లో బాల్టిమోర్ కోల్ట్స్ మీద మొదటి పాయింట్లు 43 గజాల నుంచి ఆయనే తెచ్చాడు, అప్పటికి 40 ఏళ్లు! 1967తో ఆపేశాడు. మొత్తం 21 సీజన్లు, 1,608 పాయింట్లు.

ఇప్పుడు కాలేజీ కిక్కర్లకి ఆయన పేరుమీద అవార్డిస్తున్నారు. టాకిల్స్‌కి మాత్రం ఆయన పేరుమీద ఏదీ లేదు. ఆ 1950 ఫైనల్ వీడియో దొరికితే బంతి వెంట కళ్లు పోనీకు, ఎడమ పక్క 46 నంబర్ వాడి కాళ్లు చూడు. చూశాక రాయి.

నీ నేస్తం