టెడ్ హ్యూస్ కాగితాలు, బతికున్న కవుల వ్రాతప్రతులు: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన బ్రిటన్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

యార్క్‌షైర్‌లో స్థిరపడి, ఇక్కడి పిల్లలకు ఇంగ్లీషు కవిత్వం బోధిస్తున్న తెలుగువాణ్ణి నేను. కవుల వ్రాతప్రతుల విషయమై లోగడ అధికారులకు పెట్టుకున్న విన్నపాలకు, అందినట్టు తెలిపే ముద్రిత జవాబు తప్ప మరో మాట రాలేదు కనుక, ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. వారసత్వ పన్నుకు బదులుగా వ్రాతప్రతులను స్వీకరించే పథకం గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. అయితే అది కవి పోయిన తరువాతే అక్కరకు వస్తుంది. బతికున్న కవి తన కాగితాలను అమ్ముకోవలసి వచ్చిన రోజున, ఈ దేశపు గ్రంథాలయాల దగ్గర డబ్బు ఉండదు.

ఇంగ్లీషు కవి టెడ్ హ్యూస్ విషయంలో జరిగింది చూడండి. 1930లో ఇక్కడి కాల్డర్ లోయలోని మైథమ్‌రాయిడ్‌లో పుట్టి, 1984 నుంచి ఆస్థానకవిగా ఉన్న ఆయన కాగితాలు, దాదాపు రెండున్నర టన్నులు, 1997లో అమెరికాలోని అట్లాంటాకు, ఎమరీ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాయి. మరుసటి ఏడాది అక్టోబరులో ఆయన కన్నుమూశారు. నేను ఎమరీని తప్పుపట్టడం లేదు. వాళ్ళు విలువ తెలిసి కొన్నారు, భద్రంగా చూసుకుంటున్నారు. కానీ ఆయన పుట్టిన లోయలో పెరుగుతున్న పిల్ల, తన ఊరి కవి ఒక పంక్తిని ఎన్నిసార్లు కొట్టివేసి రాశాడో కళ్ళారా చూడాలనుకుంటే అట్లాంటిక్ దాటి వెళ్ళాలి. ఆ ప్రయాణానికి డబ్బు ఏ తల్లిదండ్రులు ఇవ్వగలరో చెప్పండి.

మిగిలినదైనా దక్కిందంటే, అది 2008లో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ 5 లక్షల పౌండ్లకు 220కి పైగా దస్త్రాలను కొనడం వల్లనే. అందులోని ఒక నీలిరంగు బడి నోటుపుస్తకంలో, ఆయన భార్య, కవయిత్రి సిల్వియా ప్లాత్ 1963 ఫిబ్రవరిలో ఆత్మహత్య చేసుకోవడానికి ముందరి రోజుల గురించి ఆయన రాసుకున్న కవిత చిత్తుప్రతి ఉంది. ప్లాత్ గురించిన కవితలతో 1998లో వచ్చిన ఆయన ‘బర్త్‌డే లెటర్స్’ సంపుటిలో చేర్చని ఆ కవిత 2010లో గానీ అచ్చుకాలేదు. ప్లాత్ చివరి దినచర్య పుస్తకాన్ని తానే నాశనం చేశానని చెప్పుకుని, దశాబ్దాలపాటు నిందలు మోసిన మనిషి, ఆ దుఃఖాన్ని మాటల్లో పెట్టడానికి ఎంత పెనుగులాడాడో ఆ కొట్టివేతలు చూపినంతగా ఏ జీవితచరిత్రా చూపలేదని నా నమ్మకం. ఒకే మనిషి జీవితానికి సంబంధించిన కాగితాలు సగం లండన్‌లో, సగం అట్లాంటాలో ఉంటే, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివే భాగ్యం ఎంతమందికి కలుగుతుంది?

ఇది ముందు తెలియక జరిగిన పొరపాటు కాదు. హల్ విశ్వవిద్యాలయంలో గ్రంథపాలకుడిగా ఉన్న కవి ఫిలిప్ లార్కిన్, సమకాలీన రచయితల వ్రాతప్రతులు దేశం దాటిపోతున్నాయని, మన గ్రంథాలయాలు వాటిని పట్టించుకోవడం లేదని 1979లోనే బహిరంగంగా హెచ్చరించారు. 1985లో ఆయన మరణించినప్పుడు, ఆయన కోరిక ప్రకారమే ముప్ఫైకి పైగా దినచర్య పుస్తకాలను ముక్కలు చేశారు. తాను దాచుకోదలచినదాన్ని చెరిపేసుకునే హక్కు కవికి ఉంది. అందుకు మిమ్మల్ని అడగను. ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న కవుల గురించే నా బాధంతా. 2011లో కవయిత్రి వెండీ కోప్ కాగితాలను, 40,000 ఈమెయిళ్ళతో సహా, బ్రిటిష్ లైబ్రరీ 32,000 పౌండ్లకు కొన్నది. ఒక కవయిత్రి జీవితకాలపు రాతకు అది ఏమంత పెద్ద ధర?

అయ్యా, కవి బతికుండగానే ఆ కాగితాలను కొనగల నిధి గ్రంథాలయాలకు ఇవ్వండి. లండన్‌లోని పెద్ద గ్రంథాలయానికే కాదు, హల్, లీడ్స్ వంటి ఊళ్ళకు కూడా ఇవ్వండి. పాస్‌వర్డులు తెలిసినవాళ్ళు ఉండగానే కవుల కంప్యూటర్లలోని రాతలను కూడా భద్రపరచే ఏర్పాటు చేయండి. ఎమరీతోను, హ్యూస్ వారసులతోను మాట్లాడి, అక్కడి వ్రాతప్రతుల ఛాయాప్రతులను కాల్డర్ లోయ పిల్లలు తమ ఊళ్ళోనే చూడగలిగేలా చేయండి. ఏం చేయదలచుకున్నారో, ఎప్పటిలోగా చేస్తారో, మీ సంతకంతో జవాబు ఇవ్వవలసిందిగా వేడుకుంటున్నాను.

భవదీయుడు,
ఒక ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, యార్క్‌షైర్