ఒక్క అవ్రో విమానాన్నైనా బేగంపేటలో ఉంచండి

సంపాదకుడికి,

కోల్‌కతా విమానాశ్రయంలో 13 ఏళ్లు ఓ మూలన పడి ఉన్న బోయింగ్ 737-200ను 2025 నవంబరులో రోడ్డు మార్గాన బెంగళూరు తరలించారు. 1982లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరి, చివర్లో తపాలా మూటలు మోసిన విమానం అది. తమదేనన్న సంగతి ఎయిర్ ఇండియాకే గుర్తు లేదని వార్తలొచ్చాయి. ఇంజినీర్ల శిక్షణకు వెళ్లింది కనుక దాని అదృష్టం బాగుంది. మన దగ్గర పాత ప్రయాణికుల విమానం మామూలుగా తుక్కుకైనా పోతుంది, హోటలైనా అవుతుంది. 2022 నవంబరులో హోటల్ కోసం హైదరాబాద్ తెస్తున్న విమానమొకటి బాపట్ల జిల్లా కొరిశపాడు అండర్‌పాస్‌లో ఇరుక్కుంటే చూడ్డానికి జనం ఎగబడ్డారు. విమానాలంటే మనవాళ్లకు ఆసక్తి లేదని ఎవరూ అనలేరు!

ఈ మాట ఇప్పుడెందుకంటే, వైమానిక దళం తన పాత రవాణా విమానాలైన అవ్రోల స్థానంలో సి-295 అనే కొత్త రవాణా విమానాలు తెచ్చుకుంటోంది. స్పెయిన్ నుంచి రావాల్సిన 16 వచ్చేశాయి, మిగతా 40 వడోదరలో తయారు కావాలి. అవ్రోను సైనిక విమానంగానే ఎరిగిన వాళ్లు చాలామంది. నిజానికి అది అంతకుముందు వాడిన డకోటా విమానానికి బదులుగా రూపొందించిన ప్రయాణికుల విమానం. కాన్పూర్‌లో తయారైన మొదటి అవ్రో 1961 నవంబరులో ఎగిరింది. అక్కడ తయారైన 89లో 17 ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు వెళ్లాయి. టికెట్ కొన్న జనాన్ని మోసిన ఆ స్థాయి స్వదేశీ తయారీ విమానం మనకు మరొకటి లేదు.

దాన్ని ఉంచడానికి బేగంపేట కంటే తగిన చోటేది? నిజాం కాలపు డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు ఎగిరింది అక్కడినుంచే. ఆ సంస్థ 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 2008లో శంషాబాద్ తెరిచాక బేగంపేటలో మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఆ చరిత్రను చూపించే పాత విమానం ఒక్కటైనా అక్కడ జనానికి అందుబాటులో లేకపోవడం బాధాకరం.

అయితే తెచ్చి ఆరుబయట నిలబెడితే మాత్రం వద్దు. ఎయిర్ ఇండియాలో పనిచేసి, తర్వాత వైమానిక దళానికి, నౌకాదళానికి మారిన సూపర్ కాన్‌స్టెలేషన్ అనే పాత ప్రయాణికుల విమానం గోవా నౌకాదళ మ్యూజియంలో ఆరుబయటే ఉంది. విశాఖ బీచ్‌లోని నౌకాదళ పాత విమానం టీయూ-142 కూడా సముద్రానికి ఎదురుగానే. రివెట్ల వరుసల్లో, రేకుల అతుకుల్లో నీరు, ఉప్పు చేరితే అవి అల్యూమినియాన్ని లోపల్లోపలే తినేస్తాయి. పైన రంగు వేస్తే ఫొటోకు బాగుంటుంది, అంతే. ఆస్ట్రేలియాలో లాంగ్‌రీచ్ అనే చిన్న ఊళ్లో క్వాంటాస్ ఫౌండర్స్ మ్యూజియం ఉంది. మనీలాలో శిథిలమవుతున్న సూపర్ కాన్‌స్టెలేషన్‌ను వాళ్లు తెచ్చి బాగుచేసుకున్నారు. ఎండలు మండే ఆ ఊళ్లో దానికీ, పక్కనున్న బోయింగ్ 747కూ కలిపి పెద్ద కప్పు కూడా వేశారు.

అవ్రో మళ్లీ ఎగరాలని నేను కోరడం లేదు. 2018 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లో పాత జంకర్స్ విమానం కూలి 20 మంది పోయారు. ఆ టెన్షన్ మనకొద్దు, నేలమీద చక్కగా ఉంటే చాలు.

తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడే వైమానిక దళాన్ని అడగాలి. ఇంజిన్లు, కాక్‌పిట్ మీటర్లు ఊడదీసిన డొల్ల కాకుండా పూర్తి విమానాన్నే అడగాలి. ముందు షెడ్డు కట్టి, తర్వాతే విమానం తేవాలి. దాని పోషణకు ఏటా కొంత సొమ్ము బడ్జెట్‌లో విడిగా చూపాలి. సీట్లు మళ్లీ అమర్చే పని, తుప్పు చూసే పని నగరంలోని విమాన నిర్వహణ కోర్సుల విద్యార్థులకు అప్పగిస్తే వాళ్లకూ చేతి పని వస్తుంది.

– ఒక పాఠకుడు, బోయిన్‌పల్లి, సికింద్రాబాద్