వోర్ట్ దిగడం లేదని రాశావు

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం అందింది. బీరు కోసం మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) వేడినీళ్లలో కలిపి వెంటనే పంపు వేశావనీ, పది నిమిషాలకే వోర్ట్ (మాల్ట్ తీపి దిగిన ద్రవం) ధార దారంలా సన్నబడిందనీ, వాల్వ్ పూర్తిగా తెరిచినా ప్రవాహం పెరగకపోగా కాసేపటికి మొత్తానికే ఆగిపోయిందనీ రాశావు. ఆ ఒక్క వాక్యంలోనే రోగమూ ఉంది, దాన్ని ముదరబెట్టిన వైద్యమూ ఉంది. నిన్ను తప్పుపట్టడం లేదు. ధార సన్నబడితే వాల్వ్ తిప్పాలని చేతికి తోచడం సహజం. నేనూ కొన్నేళ్లపాటు అదే పని చేశాను.

పాత్రలో నిజంగా ఏం జరుగుతున్నదో ఒకసారి ఊహించుకో. అడుగు జల్లెడ మీద ధాన్యం ఒక మెత్తని పొరగా కూర్చుంటుంది, వోర్ట్ ఆ పొరలోని సందుల గుండా కిందికి దిగుతుంది, పంపు దాన్ని జల్లెడ కింద నుంచి లాగి హీటరు మీదుగా తిరిగి పైకి పోస్తుంది. పొర ఇవ్వగలిగిన దానికంటే పంపు ఎక్కువ లాగితే జల్లెడ కింద పీడనం పడిపోతుంది, పైనున్న ద్రవం బరువంతా ధాన్యాన్ని జల్లెడకేసి అదుముతుంది, సందులు మూసుకుపోతాయి. 1856లో హెన్రీ డార్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు ఇసుక పొరలలో నీటి ప్రవాహాన్ని కొలిచి, పైకీ కిందికీ మధ్య పీడన వ్యత్యాసం ఎంత పెరిగితే ప్రవాహం అంత పెరుగుతుందనీ, పొర మందం పెరిగితే తగ్గుతుందనీ చూపించాడు. అయితే ఇసుక అణగదు, నానిన మాల్ట్ అణుగుతుంది. కనుక ఆ సూత్రం మనకు కొంతవరకే అక్కరకు వస్తుంది. ఒక హద్దు దాటాక, ఎంత గట్టిగా లాగితే అంత తక్కువ వస్తుంది.

కాబట్టి ఇంకోసారి ధార ఆగిపోతే వాల్వ్ జోలికి పోకుండా ముందు హీటరు ఆపు, ఆ తరువాతే పంపు ఆపు. ఈ వరుస తప్పడం వల్ల నేను ఒక పూర్తి పాత్ర వోర్ట్ పోగొట్టుకున్నాను. గొట్టంలో కదలకుండా నిలిచిన ద్రవం హీటరు కడ్డీకి అంటుకుని మాడింది. వేడి కొలిచే సెన్సారు మాత్రం పాత్రలో ఉండి అంతా సవ్యంగానే ఉన్నట్టు చెప్పింది. కడ్డీ మీది ఆ నల్లటి పెచ్చును గీకడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది.

రెండూ ఆపాక అయిదు నిమిషాలు ఆగు. ఈ విరామంలో అణిగిన పొర కొంత తేరుకుంటుంది. అప్పుడు పంపు లేకుండా, కేవలం గురుత్వం మీద, వాల్వ్ కొద్దిగా తెరిచి చూడు. ధార నెమ్మదిగానైనా నిలకడగా వస్తే దోషం పంపు వేగానిదే. అలా కూడా చుక్క రాకపోతే జల్లెడ రంధ్రాలలోనో గొట్టం మలుపులోనో పిండి ముద్ద ఇరుక్కుని ఉండాలి, లేదా మాల్ట్ మరీ మెత్తగా నలిగి ఉండాలి. గురుత్వం మీద బాగా వచ్చి, పంపు వేశాక మోటారు తిరిగే చప్పుడే తప్ప ద్రవం కదలకపోతే అది పంపులో గాలి పట్టడం. ధాన్యానికి దానితో సంబంధం లేదు.

అప్పటికప్పుడు దారికి తేవడానికి నాకు బాగా కలిసివచ్చిన ఉపాయం కింద నుంచి వేడినీళ్లు ఎక్కించడం. మ్యాష్ (నీళ్లలో కలిపిన మాల్ట్) ఉన్నంత వేడి నీళ్లు రెండు మూడు లీటర్లు వాల్వ్ గుండా వెనక్కి పంపితే పొర లేచి తేలుతుంది, రంధ్రాలు కూడా కడుక్కుంటాయి. అది కుదరకపోతే అడుగుదాకా గరిటె పెట్టి బాగా కలిపి, పది నిమిషాలు తేరనిచ్చి, పంపును అతి తక్కువ ధారతో మొదలుపెట్టు. ధారను తగ్గించే వాల్వ్ పంపు తరువాత ఉండాలి, ముందు కాదు. లోపలికి వచ్చే దారిని బిగిస్తే వేడి ద్రవంలో బుడగలు పుట్టి పంపు పట్టు తప్పుతుంది.

ఇక అసలు కారణాల సంగతి. దిగుబడి పెరుగుతుందని మర రోలర్ల మధ్య ఖాళీని 0.7 మిల్లీమీటర్లకు తగ్గించానని రాశావు. నా మాట విని దాన్ని 1.1కి తీసుకురా. లోపలి గింజ రవ్వగా విరగాలి, పొట్టు మాత్రం చీలినా ముక్కలు కాకుండా ఉండాలి, ఎందుకంటే మన వడపోత గుడ్డ ఆ పొట్టే. మెత్తగా ఆడిస్తే వచ్చే కొద్దిపాటి చక్కెర కోసం దారి మొత్తం మూసుకోవడం నాకు లాభసాటిగా కనిపించదు. పైగా ద్రవం గంటసేపు ధాన్యం గుండా తిరుగుతూనే ఉంటుంది కనుక ఆ లోటు చాలావరకు అదే పూడ్చుకుంటుంది. మర ఆడించే ముందు అయిదు కిలోల మాల్ట్‌కు నూరు మిల్లీలీటర్ల నీళ్లు చిలకరించి, కలిపి, పావుగంట ఉంచితే పొట్టు తోలులా మెత్తబడి చిట్లదు. చాలామంది దీన్ని అనవసరమైన చాకిరీ అనుకుంటారు కానీ నేను ఏనాడూ మానలేదు.

నీ మ్యాష్‌లో గోధుమ నూటికి నలభై పాళ్లు ఉంది. గోధుమకు పొట్టు లేదు. అంత గోధుమ వేసినప్పుడు మొత్తం బరువులో నూటికి అయిదు పాళ్ల వరి ఊక కడిగి కలుపు. దానివల్ల రుచి మారదు, సందులు మాత్రం నిలుస్తాయి. ఎప్పుడైనా రై అనే ధాన్యం గానీ ఓట్స్ గానీ వాడితే వాటి జిగురు ఇంతకంటే మొండిది. అప్పుడు 45 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఆపి, ఆ జిగురును విరిచే ఎంజైముకు పని చేసే వ్యవధి ఇచ్చి, ఆ తరువాతే వేడి పెంచాలి.

పంపును వెంటనే వేయడం కూడా నీ ఇబ్బందికి తోడైంది. బార్లీ పిండిపదార్థం 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఉబ్బి జావలా చిక్కబడుతుంది, ఎంజైములు దాన్ని తెంచాకగానీ పలుచబడదు. ఆ చిక్కదనంలో పంపు వేస్తే అణగడమే తప్ప దిగడం ఉండదు. కిలోకు మూడు, మూడున్నర లీటర్ల నీళ్లు పోసి, ఉండలు లేకుండా కలిపి, పావుగంట కదపకుండా వదిలేయి. చివర 76 డిగ్రీలకు వేడి చేస్తే వోర్ట్ ఇంకా సులువుగా దిగుతుంది, 78 దాటితే పొట్టులోని వగరు దిగుతుంది.

ఒక్క పరికరం మాత్రం తప్పకుండా అమర్చుకో. జల్లెడ కింది భాగం నుంచి ఒక పారదర్శకమైన గొట్టాన్ని పాత్ర పక్కన నిలువుగా నిలబెట్టు. దానిలోని మట్టానికీ, ధాన్యం పైనున్న ద్రవ మట్టానికీ ఉన్న తేడాయే పొర మీద పడుతున్న ఒత్తిడి. నేను ఆ తేడా నాలుగు వేళ్లు దాటనివ్వను. దాటబోతే పంపు ధార తగ్గిస్తాను. ధార ఆగిపోయాక తెలిసే సంగతిని అది పావుగంట ముందే చెబుతుంది.

ముందుగా ధాన్యం లేకుండా ఉత్త నీళ్లతో పంపు తిప్పి, నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నదో కొలిచి పెట్టుకో. ఆ అంకెనూ, ఈసారి మ్యాష్ నడుస్తుండగా గొట్టంలో కనిపించిన తేడానూ నాకు రాయి. గోధుమ మోతాదు తగ్గించాలా వద్దా అన్నది అవి చూశాక చెబుతాను.

ఇట్లు,
నాన్న