తాగుడు అలవాటున్నవాళ్లకు గ్లూకోజ్ కంటే ముందు విటమిన్ బీ1 ఇప్పించండి

ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం. మా తమ్ముడికి 41 ఏళ్లు. వాడు తిన్న కంచం నేనింకా కడగకముందే “అక్కా, ఇవాళ అన్నం పెట్టలేదేం?” అంటాడు. రోజూ ఇదే.

రెండేళ్ల కిందట నెల రోజులు ముద్ద ముట్టకుండా తాగాడు. వాంతులు పట్టుకుంటే దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో చేర్చాం. బాటిల్ మీద బాటిల్ గ్లూకోజ్ ఎక్కించారు. మూడో రోజుకి కనుగుడ్లు నిలవకుండా అదరడం మొదలైంది. లేపి నిలబెడితే కాళ్లు ఎడంగా పెట్టి తూలిపోయాడు. “మందు ఇంకా దిగలేదమ్మా” అన్నారు. మూడు రోజులుగా చుక్క ముట్టని మనిషికి ఇంకా దిగేదేముందని అడగాలని నాకప్పుడు తట్టలేదు. పెద్దాసుపత్రికి మార్చాక అక్కడి డాక్టరు గారు వాడి కళ్లు చూసి అడిగిన మొదటి మాట, “థయమిన్ ఇచ్చారా?” అప్పటికే ఆలస్యమైపోయింది.

థయమిన్ అంటే విటమిన్ బీ1. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. తాగేవాళ్లు సరిగ్గా తినరు, తిన్న కాస్త తిండిలోని బీ1ని కూడా మద్యం ఒంటికి పట్టనివ్వదు. గ్లూకోజ్‌ని శక్తిగా మార్చుకోవాలంటే మెదడుకు బీ1 ఉండాలి. నిల్వ అడుగంటినవాడికి ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోతుంది. మెదడును దెబ్బతీసే ఈ జబ్బు గురించి కార్ల్ వెర్నికే అనే జర్మన్ డాక్టరు 1881లోనే రాశాడు. తొలి దశలో ఇంజెక్షన్ పడితే కళ్లు త్వరగానే కుదుటపడతాయి. ముదిరితే మతిమరుపు మిగిలిపోతుంది. మా ఇంట్లో అదే మిగిలింది.

మద్యం మానేటప్పుడు థయమిన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. ఆస్ట్రేలియాలో 1991 నుంచి బ్రెడ్డు పిండిలోనే దీన్ని కలుపుతున్నారు. మేము అంత పెద్ద కోరిక కోరడం లేదు. తాగుడు అలవాటున్నవాళ్లు ఏ ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చినా గ్లూకోజ్ కంటే ముందు, కనీసం దాంతో పాటే, థయమిన్ ఇంజెక్షన్ పడేలా రాతపూర్వకంగా ఆదేశమివ్వండి. షుగర్ పడిపోయి ప్రాణం మీదికొస్తే గ్లూకోజ్ ఆపమని నా ఉద్దేశం కాదు. ఇలాంటివాళ్లకు ఉత్త మాత్రలు చాలవు, దెబ్బతిన్న పేగు వాటిని సరిగ్గా పీల్చుకోదు. ఇదేమీ ఖరీదైన మందు కాదు.

ఇంకో సంగతి. తాగుడు మాన్పిస్తాయంటూ విటమిన్ల పేరుతో పొడులు అమ్ముతున్నారు, మగవాళ్లకు తెలియకుండా కూరలో కలపమంటున్నారు. నేనూ కొని కలిపాను, ఆరు నెలలు డబ్బు పోసి చూశాను. తాగాలన్న యావను విటమిన్ చంపలేదండీ. దానికి డాక్టరు, కౌన్సెలింగ్, నాల్ట్రెక్సోన్ లాంటి మందులు, ఇంట్లోవాళ్ల ఓపిక కావాలి. మనిషి మానే రోజు వచ్చేదాకా వాడి మెదడు పాడవకుండా చూడటం వరకే బీ1 పని. ఈ తేడా ఆశా కార్యకర్తల చేత ఇంటింటికీ చెప్పించండి, ఆ పొడుల వ్యాపారం మీద చర్య తీసుకోండి.

ఈసారి మీరు ఆసుపత్రి తనిఖీకి వెళ్లినప్పుడు ఎమర్జెన్సీ ట్రేలో థయమిన్ ఆంపుల్ ఉందో లేదో అడిగి చూడండి.

ఇట్లు,
తమ్ముణ్ణి చూసుకుంటున్న ఒక అక్క,
పశ్చిమ గోదావరి జిల్లా